సీలు విప్పని చలవ

1. సర్వే మొదటి రోజు

ఉదయం ఆరింటికి నీళ్ల వంతు. ఆ తరవాత కిటికీ అద్దం మీది చెమ్మ తుడిచాను. గాలి ఫిల్టరు విప్పి, కడిగి, పూర్తిగా ఆరాకే బిగించాను. తడి ఉండగా బిగిస్తే గదంతా రోజంతా ముక్కిపోయిన వాసన. ఈ మూడు పనులూ అయితేగానీ లంగరుపేటలో ఎవరి ఉద్యోగమూ మొదలవదు.

ఆఫీసుకు వెళ్లేసరికి డాక్టర్ ఉదయభాస్కర్ గారు పిలిచారు. ఆరోగ్య విభాగానికి ఆయనే పెద్ద. నేను అందులో నమోదు ఉద్యోగిని. ఇన్నాళ్లూ టీకాల పట్టికలు చూసుకున్నాను.

"హైమావతీ, ఇక నుంచి నీకు ఇంటింటి సర్వే. చలవ మీద జనం అభిప్రాయాలేమిటి, వాళ్ల జీవనశైలి ఏమిటి, ఆ రెండిటికీ సంబంధమేమిటి. అరవై రెండు ప్రశ్నలు. మూడు అంతస్తులూ తిరగాలి."

"ఎన్ని రోజులు సార్?"

"నలభై. జాగ్రత్తగా రాయి. వైద్యం ఎవరికి ముందు, ఎవరికి వెనక అన్నది ఇక మీదట ఈ నమోదుల్ని బట్టే ఉంటుంది."

మాది సముద్రం మీద లంగరేసి పైకప్పు మూసిన ఊరు. పదకొండు వేల మందిమి ఒకే గాలి పీలుస్తాం కాబట్టి ఇక్కడ నిప్పు వెలిగించడం నేరం. బీడీ, చుట్ట ఎలా ఉంటాయో ముసలివాళ్లకే తెలుసు. వాటికి బదులుగా ముప్పై ఏళ్ల కిందట చలవ వచ్చింది. వేలెడు గొట్టం. సీలు విప్పి పీలిస్తే చల్లటి ఆవిరి వస్తుంది, ఏడు నిమిషాల్లో అయిపోతుంది. మిషను మీద బొటనవేలు పెడితే ఊరికే ఇస్తుంది. ఎవరు ఎన్ని తీశారో లెక్క మాత్రం పెట్టుకుంటుంది.

నాకా అలవాటు లేదు. అలవాటున్నవాళ్లంటే నాకు కాస్త చిన్నచూపు. ఇది నా సొంత పుస్తకం కాబట్టి ఆ మాట ఒప్పుకుంటున్నాను. టాబ్లెట్‌లో ప్రతి ప్రశ్నకూ మూడు గడులే ఉన్నాయి. వాటిలో పట్టని మాటలు ఇక్కడ రాసుకుంటాను.

2. సర్వే ఐదో రోజు

పై అంతస్తు అయిపోయింది. ఇక్కడ సర్వే చేయడం సుఖం. కూర్చోమంటారు, మంచినీళ్లు ఇస్తారు.

బడిలో లెక్కలు చెప్పే సునీల్ అనే ఆయన రోజుకు ఆరు చలవలు తాగుతాడు. అది ఆరోగ్యానికి మంచిదేనా అని ముప్పై ఒకటో ప్రశ్న అడిగాను. "పొగ కాదు గదండీ, మజ్జిగలాంటిది" అన్నాడు. పేరు చలవ కాబట్టి చలవే చేస్తుందని ఇంకా ఎంతమంది నమ్ముతున్నారో. తోట పక్క బడి కుర్రకారు మల్లె, పనస, పుదీనా అంటూ రుచులు మార్చి మార్చి తాగుతున్నారు. ఒకమ్మాయి మెడలో గొలుసుకు గొట్టం వేలాడుతోంది. తాగుతావా అంటే, "లేదక్కా, బాగుంటుందని" అంది.

తొంభై ఒక్క ఏళ్ల పైడయ్య తాత మాత్రం చలవను తిట్టిపోశాడు. వాళ్లమ్మ ఒడ్డున చేపలెండేసుకుంటూ అడ్డచుట్ట కాల్చేదట. గాలికి ఆరిపోకుండా నిప్పు కొస నోట్లోనే పెట్టుకునేదట. "అది పొగంటే. ఇదేటి, మంచుముక్క నాకినట్టు!" అన్నాడు. అమ్మకు అంగిట్లో పుండు లేచి పోయిందని కూడా ఆయనే చెప్పాడు. ఆ రెండు మాటలకూ మధ్య ఒక్క క్షణమైనా ఆగలేదు.

గడిలో 'అసంతృప్తి' అని నొక్కి వచ్చేశాను.

3. సర్వే పదకొండో రోజు

అడుగు అంతస్తు. ఉప్పు మిల్లు వాళ్ల ఇళ్లు. సముద్రపు నీటిని మంచినీరు చేశాక మిగిలే ఉప్పును ఆ మిల్లులో ఆరబెట్టి, దంచి, జల్లిస్తారు. పని చేసేది నూట నలభై మంది ఆడవాళ్లు. వరసలో ప్రతి గుమ్మం నుంచీ దగ్గే వినిపిస్తోంది.

మనిషికి ఇన్నని లెక్కేస్తే మిల్లులో చలవ వాడకం మిగతా ఊరికంటే నాలుగు రెట్లు ఎక్కువ. వెళ్లే ముందే ఆ లెక్క చూశాను. అందుకే విసుగుతోనే వెళ్లాను.

తవిటమ్మ అనే ఆమెకు నలభై ఎనిమిదేళ్లు. ఒంటరి మనిషి. జల్లెడ దగ్గర పని. మంచం మీద కూచుని, రెండు మాటలకొకసారి గుండె పట్టుకుని దగ్గుతోంది.

"రోజుకు ఎన్ని చలవలు తాగుతావు పిన్నీ?"

"మిషను లెక్క నీకాడుంది గదా. మల్లీ నన్నడుగుతావేటి?"

"నువ్వే చెప్పాలి."

"పద్నాలుగు తీస్తాను."

"పద్నాలుగా! అన్ని తాగితే దగ్గు రాక ఏం చేస్తుంది?" అన్నాను. అరవై రెండు ప్రశ్నల్లో అది లేదు. నేనే కలిపాను.

ఆమె నా మొహంలోకి చూసి, తరవాతి ప్రశ్న అడగమన్నట్టు చెయ్యి ఊపింది. నిద్ర ఎన్ని గంటలు? ఐదు. పొద్దున తిండి? లేదు. వ్యాయామం? "బత్తాలు మోస్తాను" అంది. వ్యాయామానికి ఉన్న గడులు మూడు: జిమ్, నడక, ఏదీ లేదు. మూడోది నొక్కాను. చివర్లో నమోదు ఉద్యోగి అభిప్రాయం రాసే చోట 'తీవ్ర వాడకం, క్రమశిక్షణ లేని జీవనశైలి' అని రాశాను. నమోదు సంఖ్య 4116.

4. సర్వే పంతొమ్మిదో రోజు

ఈ రోజు ఆఫీసు కిటికీ దగ్గరకు తవిటమ్మ వచ్చింది. నడిచి వచ్చేసరికి పెదాలు నీలంగా మారాయి. చేతిలో కాగితం. ఊపిరితిత్తులు కడిగే వైద్యానికి పేరు రాయించుకుంటే తిరగ్గొట్టారు.

"ఇదేటో సదివి సెప్పమ్మా. నాకు సదువొచ్చు గానీ ఇది బోధపడ్డంలేదు."

నేను చదివాను. 'దరఖాస్తుదారు అనారోగ్యానికి ప్రధాన కారణం స్వయంగా ఎంచుకున్న జీవనశైలి. మంచి అలవాట్లు ఉన్నవారికి మొదటి అవకాశం. ఆధారం: నమోదు 4116.'

 ఆ నాలుగంకెలు నావే.

"అంటే?"

"అంటే... చలవ ఎక్కువ తాగుతున్నావు కాబట్టి ఇప్పుడప్పుడే వైద్యం ఇవ్వరట పిన్నీ."

"నాను తాగుతానని ఎవులు సెప్పేరు?"

 ఆమె కిటికీ చువ్వ పట్టుకుని కాసేపు దగ్గింది. తరవాత నన్ను గుర్తుపట్టింది. "నువ్వే గదేటి మా ఇంటికొచ్చింది" అంది. కోపం లేదు ఆ గొంతులో. తిట్టి ఉంటే బాగుండేది.

5. సర్వే ఇరవయ్యో రోజు

పని గంటలు అవగానే అడుగు అంతస్తుకు వెళ్లాను, టాబ్లెట్ లేకుండా.

"నిన్న నువ్వన్న మాట అర్థం కాలేదు పిన్నీ. మిషను నీ పేరున రోజుకు పద్నాలుగు చూపిస్తోంది. తాగకపోతే అవన్నీ ఏమవుతున్నాయి?"

తవిటమ్మ తలుపు గడియ పెట్టింది. మంచం కింద నుంచి ఒక డబ్బా లాగింది. దాని వెనక ఇంకొకటి. అలా ఆరు. మూత తీసి చూపించింది. నిండా చలవ గొట్టాలు. ఒకటి తీసి చూశాను. సీలు అలాగే ఉంది. ఇంకొకటి తీశాను. అదీ అంతే. డబ్బాలో చెయ్యి పెట్టి అడుగు నుంచి గుప్పెడు తీశాను. ఒక్కదానికీ సీలు విప్పలేదు.

"నా జన్మలో ఒక్కటి నోట్లెట్టుకోలేదు తల్లీ. ఆ వాసనకే నాకు వాంతొస్తాది."

"మరి ఎందుకు తీస్తున్నావు?"

"గొట్టం తీస్తేనే గది తలుపు తెరుసుకుంటాది."

అప్పుడు అర్థమయింది. పనిలో భోజనం కాక ఇంకొక విరామం ఉన్నది చలవ తాగేవాళ్లకే. మిషను గొట్టం ఇస్తుంది, పక్కనున్న చలవ గది తలుపు ఏడు నిమిషాలు తెరుచుకుంటుంది. ఆ ఆవిరి ఉప్పులో కలవకూడదని ఆ గదికి గాలి వేరే గొట్టంలో పై అంతస్తు నుంచి వస్తుంది. మిల్లంతటిలోనూ శుభ్రమైన గాలి ఉన్నది ఆ ఒక్క గదిలోనే.

"లోపల ఉప్పుదుమ్ము ఎలగుంటాదో నీకు తెల్దు. పక్కనున్న మనిసి అవుపడదు. ముప్పావుగంటయ్యేసరికి ఊపిరి ముడేసినట్టుంటాది. ఆ గదిలోకెళ్లి ఏడు నిమిసాలు కూకుంటే మల్లీ ముప్పావుగంట పన్జెయ్యొచ్చు. మాలో పది పన్నెండు మంది తప్ప అందరం అంతే. ఇదివరకు గొట్టాలు సెత్తలో పారేసేవోళ్లం. రెండు నెల్ల కిందట సెత్త తొట్టికి కెమెరా ఎట్టేరు. తాగకండా పారేస్తే దొంగ విరామం అంటారు. అందికే ఇలగ దాసుకుంటన్నాం."

దొంగ విరామం మూడుసార్లు పట్టుబడితే ఒడ్డుకు పంపేస్తారు. ఒడ్డున ఎండ యాభై రెండు డిగ్రీలు. అక్కడికి వెళ్లినవాళ్ల గురించి ఇక్కడ ఎవరూ పెద్దగా మాట్లాడరు.

"నా దగ్గర ఎందుకు చెప్పావు పిన్నీ? రాసింది నేనే అని తెలుసుగా."

"తెలుసు. టాబులెట్టు అట్టుకు రాలేదు గదా నువ్వు" అంది.

6. సర్వే ఇరవై మూడో రోజు

అడుగు అంతస్తు గాలి ఫిల్టర్ల మెకానిక్ సింహాద్రి. అయిదు పదుల మనిషి. ఆయన చలవ నిజంగానే తాగుతాడు, మల్లె రుచి. "పని సేస్తంటే ఎవులూ మాటాడ్డానికుండరు. ఇదుంటే ఎవులో పక్కన ఉన్నట్టుంటాది" అని సర్వేలో చెప్పాడు. దానికి గడి లేదు. 'ఇతరములు' నొక్కాను.

ఈ రోజు ఆయన్ని ఉప్పు మిల్లు ఫిల్టర్ల సంగతి అడిగాను. మొదట మాట దాటేశాడు. తరవాత తన పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు.

మూడు నెలలకొకసారి మార్చాల్సిన ఫిల్టర్లు. మార్చి పద్నాలుగు నెలలయింది. ప్రతి నెలా ఆయన రాస్తూనే ఉన్నాడు. ప్రతి నెలా 'పై అంతస్తు తోట అవసరాలు తీరాక' అని జవాబు. దుమ్ము కొలత పది దాటకూడదు. మిల్లులో డెబ్బై ఒకటి. చలవ గదిలో నాలుగు.

"ఇది డాక్టరు గారికి తెలుసా అన్నా?"

"పంపేను. సదివేరో లేదో నాకేటి తెలుసు?"

నా గదిలో నా ఒక్కదాని కోసం ఒక ఫిల్టరు. దాన్ని రోజూ కడిగి ఆరబెడుతున్నాను. నూట నలభై మంది పీల్చే చోట ఏడాది పైగా ఎవరూ ముట్టుకోలేదు. ఆ మనుషుల దగ్గరకు వెళ్లి నేను క్రమశిక్షణ గురించి రాసి వచ్చాను.

7. సర్వే ఇరవై ఆరో రోజు

ఇది కోపంతో రాస్తున్నాను. 

పొద్దున డాక్టరు గారి గదికి వెళ్లాను. ఆయన చాలా ఉత్సాహంగా ఉన్నారు. తెర మీద రెండు గీతలు చూపించారు. ఒకటి చలవ వాడకం, ఒకటి దగ్గు. రెండూ చెయ్యి చెయ్యి పట్టుకున్నట్టు పైకి పోతున్నాయి.

"చూశావా? నిద్ర తక్కువ, పొద్దున తిండి లేదు, వ్యాయామం లేదు, చలవ ఎక్కువ. ఇవన్నీ ఒకే మనిషిలో వచ్చి చేరతాయి. ఒక చెడ్డ అలవాటు ఇంకోదాన్ని పిలుస్తుంది. నీ నమోదుల వల్లే ఇది బయటపడింది. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి ఉప్పు మిల్లులో చలవ మిషను తీసేస్తున్నాం. గది మూసేస్తాం. వాళ్ల మంచికే."

"గది మూయకండి సార్. దగ్గు చలవ వల్ల కాకపోవచ్చు. మిల్లులో దుమ్ము డెబ్బై ఒకటి ఉంది. ఫిల్టర్లు మార్చి పద్నాలుగు నెలలయింది."

"అది ఇంజనీరింగు విభాగం పని. మనం చూసేది మనుషుల ప్రవర్తన."

"వాళ్లు చలవ కోసం కాక, గాలి కోసం ఆ గదిలోకి వెళ్తుంటే?"

"సర్వేలో ఎవరైనా అలా చెప్పారా?"

"చెప్పడానికి గడి లేదు సార్."

ఆయన నవ్వారు. వెటకారం కాదు, ఓపిగ్గా, చిన్నపిల్లకు చెబుతున్నట్టు. "గడి లేదంటే అలాంటి కారణం లేదని. నలభై మంది నిపుణులు కూర్చుని తయారు చేసిన ఫారం అది, హైమావతీ."

డబ్బాల మాట నోటిదాకా వచ్చింది. చెబితే ఆ ఆరు డబ్బాలూ తవిటమ్మ నేరానికి సాక్ష్యమవుతాయి. నోరు మూసుకుని వచ్చేశాను.

ఆయన చెడ్డవాడైతే ఇంత మండేది కాదు. నమ్మి చేస్తున్నాడు. తవిటమ్మ ఐదు గంటలే నిద్రపోతుందట! పది గంటలు మిల్లులో నిలబడి, అడుగు అంతస్తు నీళ్ల వరసలో రెండు గంటలు నిలబడి, వండుకుని తినే మనిషికి ఇంకెన్ని మిగులుతాయి? పొద్దున తినదట! మిల్లు ఆరింటికి మొదలు, క్యాంటీను తెరిచేది ఏడింటికి. వ్యాయామం లేదట! రోజుకు నలభై బస్తాలు భుజం మీద మోసే మనిషికి నేను 'ఏదీ లేదు' నొక్కాను. ఇందులో ఆమె ఎంచుకున్నది ఒక్కటి చూపించండి. మనమే ఆమె రోజును గంట గంటా కత్తిరించి చేతికిచ్చి, ఆ ముక్కలకు 'జీవనశైలి' అని పేరు పెట్టాం. ఆ పేరు చెప్పి వైద్యం ఎగ్గొట్టాం.

'మనం' అంటున్నాను. అందులో నేనున్నాను.

8. సర్వే ఇరవై తొమ్మిదో రోజు

ఈ రోజు మిల్లుకు సెలవు. మధ్యాహ్నం అడుగు అంతస్తు బట్టలుతికే హాల్లో మిల్లు ఆడవాళ్లు చేరారు. తవిటమ్మ నన్ను రమ్మంది. మిషన్లన్నీ తిప్పి వదిలారు, మాటలు బయటకు వినపడకుండా.

గది మూసేస్తున్నారని చెప్పాను. 

"మూసేస్తే నాను నెల కూడా బతకను" అంది తవిటమ్మ, కూర బాగా లేదన్నంత మామూలుగా.

మూసివేతకు ఒప్పుకోవాల్సింది ఊరి పెద్దల పేట సభ కాబట్టి, అక్కడ గొట్టాలు చూపించడం ఒక్కటే దారి అన్నాను. చూపిస్తే దొంగ విరామాలు ఒప్పుకున్నట్టేనని కూడా అన్నాను. దాచకుండా చెప్పడమైనా వాళ్లకు బాకీ ఉన్నాననిపించింది.

గౌరీశ్వరి అనే పాతికేళ్ల అమ్మాయి లేచింది. "మమ్మల్ని ఒడ్డుకి పంపేస్తే? నాకు సంటిపిల్ల ఉంది. ఈవిడ రాసిందాన్ని అట్టుకునే గదా మన పీకలమీదికొచ్చింది. ఈవిడ మాట మల్లీ ఇనాలా?"

ఎవరూ కాదనలేదు. నేనూ కాదనలేదు.

మూల కూర్చున్న సన్యాసమ్మ చెయ్యెత్తింది. "నా సంగతేటి? నాను నిజంగానే తాగుతాను. రోజుకి తొమ్మిది. నాకిష్టం. నా పేరు కూడా రాసేస్తారా, తాగనోళ్లలోన?"

అందరూ నవ్వారు. దగ్గుతూ నవ్వారు.

"నువ్వు తాగుతానని సెప్పుకో. నువ్వు తాగినా సరే, గాలి నీకూ కావాల" అంది తవిటమ్మ. తరవాత గౌరీశ్వరి వైపు తిరిగింది. "ఒక్కరం ఎల్తే ఒక్కర్ని పంపుతారు. అందరం మన డబ్బాలు అట్టుకుని ఎల్తే? నూట నలభై మందిని ఒడ్డుకి తోలీసి, ఆ మిల్లు ఎవులు తిప్పుతారు? డాక్టరు బాబొచ్చి జల్లిస్తాడేటి?"

గౌరీశ్వరి లేచినచోటే మళ్లీ కూర్చుంది. "నాకాడ నాలుగు డబ్బాలున్నాయి" అంది చివరికి.

9. సర్వే ముప్పై మూడో రోజు

సభ ఉదయం పదింటికి. అధ్యక్షురాలు వసుంధర గారు మధ్యలో, పక్కన డాక్టరు గారు. తెర మీద ఆ రెండు గీతలే. 'ఉప్పు మిల్లులో చలవ నిలిపివేత' మూడో అంశం.

డాక్టరు గారు చెప్పడం అయ్యాక నేను లేచాను. నమోదు ఉద్యోగులు సభలో మాట్లాడకూడదు. సభ్యులు గొణుగుతున్నా ఆగలేదు.

"4116 నేను రాసిన నమోదు. తప్పు రాశాను. ఆమె తీస్తానంటే తాగుతుందని రాశాను. బస్తాలు మోస్తానంటే వ్యాయామం లేదని రాశాను. దాన్ని చూపించి ఆమెకు వైద్యం ఆపారు. ఆ తప్పు ఆమెది కాదు, నాది, ఆ ఫారానిది."

"కూర్చో హైమావతీ" అన్నారు డాక్టరు గారు.

అప్పుడు వెనక తలుపు తెరుచుకుంది. ముందు తవిటమ్మ, వెనక మిగతావాళ్లు. ఒక్కొక్కరి చేతిలో బియ్యం డబ్బా, పిండి డబ్బా, స్టీలు క్యాను. తవిటమ్మ అధ్యక్షురాలి బల్ల దాకా వచ్చి డబ్బా బోర్లించింది. గొట్టాలు గలగలా దొర్లాయి. గౌరీశ్వరి బోర్లించింది. తరవాత ఇంకొకరు. బల్ల నిండి కింద పడి, డాక్టరు గారి కాళ్ల దాకా పోయాయి.

వసుంధర గారు ఒకటి తీసి సీలు చూశారు. ఇంకొకటి తీశారు. కిందికి వంగి, దూరంగా దొర్లినదాన్ని కూడా తీసి చూశారు.

"ఇవి తాగలేదా మీరు?"

"లేదమ్మా."

"తాగనివాళ్లు ఎందుకు తీసుకున్నారు?"

తవిటమ్మ జవాబు చెప్పబోయింది. దగ్గు వచ్చింది. ఆగలేదు. నిమిషం, రెండు నిమిషాలు. సభంతా ఆ దగ్గు వింటూ కూర్చుంది. గౌరీశ్వరి వీపు పట్టుకుంది. చివరికి తవిటమ్మ బల్ల అంచు పట్టుకుని, "ఊపిరాడక" అంది.

సింహాద్రి పుస్తకం నేను చదివాను. పద్నాలుగు నెలలు, డెబ్బై ఒకటి, నాలుగు. ఇంజనీరింగు విభాగం ఆయన తోట గురించి ఏదో అన్నాడు. వసుంధర గారు ఆయన వైపు చూడలేదు. "పద్నాలుగు నెలలు" అని తనలో తనే అన్నారు.

"కానీ వీళ్లు దొంగ విరామాలు ఒప్పుకున్నట్టే కదా" అన్నారు డాక్టరు గారు. ఆ మాట ఆయన నిజంగానే అన్నారు, కాళ్ల దగ్గర అన్ని గొట్టాలు పెట్టుకుని.

వెనక నుంచి సన్యాసమ్మ గొంతు: "ఊపిరి తీసుకోడం దొంగతనమేటి బాబూ?"

10. సర్వే ముప్పై ఆరో రోజు

సభ తీర్మానం వచ్చింది. చలవ తీసినా తీయకపోయినా మిల్లులో అందరికీ గంటకొకసారి ఏడు నిమిషాల విరామం. గది తలుపుకూ మిషనుకూ సంబంధం తెంచేశారు. ఫిల్టర్లు పది రోజుల్లో మార్చాలి. దొంగ విరామాల కేసులు లేవు.

తవిటమ్మకు వైద్యం ఇచ్చారు. కుడి ఊపిరితిత్తిలో కడగడానికి మిగిలింది కొంచెమేనట. గట్టిపడిపోయిన భాగం ఇక మెత్తబడదు. పంతొమ్మిదో రోజునే తీసుకుని ఉంటే ఎంత మిగిలేదని వార్డు డాక్టరును అడిగాను. "ఇంకొంచెం" అంది ఆమె. ఎంత అని మళ్లీ అడిగాను. చెప్పలేదు.

నన్ను ఇంటింటి సర్వే నుంచి తీసేశారు. ఆఫీసులో కూర్చుని పట్టికలు కలపడం నా పని.

11. ఎనభై రెండో రోజు

నమోదులు రాసినదాన్ని కాబట్టి సర్వే తుది నివేదిక సంతకానికి నా బల్ల మీదకు వచ్చింది.

తీర్మానం తరవాత ఉప్పు మిల్లులో చలవ వాడకం రోజుకు పదకొండు వందల నుంచి ఎనభై ఎనిమిదికి పడిపోయింది. పడిపోదా మరి? తలుపు ఊరికే తెరుచుకుంటుంటే గొట్టం ఎందుకు? ఇప్పుడు తీస్తున్నది సన్యాసమ్మలాంటి పది పన్నెండు మందే. ఫిల్టర్లు మార్చాక కొత్త దగ్గులు కూడా సగమయ్యాయి.

నివేదికలో ఇలా రాశారు: 'అవగాహన ప్రచారం ఫలితంగా కార్మికులు చలవను స్వచ్ఛందంగా మానుకున్నారు. వాడకం తొంభై రెండు శాతం తగ్గింది. తదనుగుణంగా దగ్గు తగ్గింది. జీవనశైలికీ అనారోగ్యానికీ గల సంబంధం దీనితో రుజువైంది.' ఫిల్టర్ల మాట ఎక్కడైనా ఉందేమోనని మూడుసార్లు వెతికాను. లేదు. సభ లేదు. డబ్బాలు లేవు. డాక్టరు గారికి సభ తరఫున సన్మానం, వచ్చే వారం.

నేను సంతకం చేయలేదు. సంతకం చేసే చోట 'ఇది అబద్ధం' అని రాసి, కింద నా పేరు పూర్తిగా రాసి పంపించాను. ఉద్యోగం ఉంటుందో లేదో రేపు తెలుస్తుంది.

మధ్యాహ్నం వార్డు నుంచి తవిటమ్మను ఇంటికి పంపారు. తీసుకెళ్లడానికి నేను వెళ్లాను. నాలుగడుగులకొకసారి ఆగుతూ క్యాంటీను దాకా వచ్చాం. భోజనాల వేళ, వరస పొడుగ్గా ఉంది. గోడ మీద కొత్త పోస్టరు. వార్డు మంచం మీద కూర్చుని ఉన్న తవిటమ్మ ఫొటో, మనిషంత ఎత్తున. కింద పెద్ద అక్షరాల్లో: 'రోజుకు పద్నాలుగు చలవల నుంచి సున్నాకు! తవిటమ్మను ఆదర్శంగా తీసుకోండి.'

ఆమె నా భుజం పట్టుకుని నిలబడి చదివింది. రెండోసారి కూడా చదివింది.

"ఈ ఫొటో తీసినప్పుడు నన్నడగలేదు" అంది.

"పద పిన్నీ, కూర్చుందువు గాని."

"పెన్నుందేటి నీకాడ?"

ఇచ్చాను. వరసలో వాళ్లు పళ్లేలు పట్టుకుని చూస్తున్నారు. తవిటమ్మ పోస్టరు దగ్గరకు వెళ్లింది. చెయ్యెత్తితే ఆయాసం వస్తోంది. రెండు మాటలు రాసి చెయ్యి దించడం, మళ్లీ ఎత్తడం. క్యాంటీను పర్యవేక్షకుడు, "అమ్మా, గోడ మీద రాయకూడదు" అంటూ వచ్చాడు. వరసలోంచి గౌరీశ్వరి పళ్లెంతోనే బయటకు వచ్చి అతనికి అడ్డంగా నిలబడింది. ఆ వెనక మిల్లువాళ్లు ఇంకో ఆరేడుగురు.  అతను ఆగిపోయాడు.

తవిటమ్మ రాయడం పూర్తి చేసి, పెన్ను నా చేతిలో పెట్టి, పక్కనున్న బల్ల మీద కూలబడింది. వరస మెల్లగా పోస్టరు మీదుగా కదిలింది. ఒక్కొక్కరూ ఆగి చదివి ముందుకు పోతున్నారు. వాళ్ల వెనక నిలబడి నేనూ చదివాను. అక్షరాలు వంకర టింకరగా ఉన్నా తప్పు లేదు.

'నేనెప్పుడూ తాగలేదు. మానడానికి ఏమీ లేదు. గాలి బాగు చేశారు, అందుకే బతికున్నాను. నా పేరు తవిటమ్మ. ఇది నేను రాసింది.'